ఖాలిద్ జమీల్ కెరీర్ చూస్తే, ఆటగాడు కోచ్ కావడానికి అసలు ఏం కావాలి?

టచ్‌లైన్
ఖాలిద్ జమీల్‌ను భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ప్రకటించింది 2025 ఆగస్టు 1న. సావియో మెదీరా 2012లో దిగిపోయాక ఆ కుర్చీలో మళ్ళీ ఒక భారతీయుడు కూర్చోవడం ఇదే. అప్పట్నుంచి ఎక్కడ చూసినా రెండే వాదనలు. దేశానికి ఆడినవాడు కాబట్టి కోచింగ్ దానంతటదే వచ్చిందని ఒకరు, డిఫెన్స్ తప్ప ఏమీ తెలియదు, అంతా లక్కని ఇంకొకరు. రెండూ తేలిక మాటలే. ఆయన కెరీర్‌ని మెట్టు మెట్టుగా విప్పి చూద్దాం: ఎక్కడ ఏం పనిచేసింది, ఎక్కడ బెడిసికొట్టింది, మన హైదరాబాద్‌లో లీగ్ ఆడి రేపో మాపో మానేసే కుర్రాడికి అందులో పనికొచ్చేది ఏముంది. యూరప్ లీగ్‌లతో పోలికలు మాత్రం ఇక్కడికి తేకండి, వాటికి వేరే చర్చ నడుస్తోంది.

ఎల్బీ గ్యాలరీ
వరసగా పెడతా. పుట్టింది 1977లో, కువైట్‌లో. మిడ్‌ఫీల్డర్. మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా, మళ్ళీ మహీంద్రా, చివరికి ముంబయి ఎఫ్‌సీ. అసలు మలుపు ఆ చివరి క్లబ్‌లోనే. ఆటగాడిగా 2007లో చేరాడు గానీ గాయాలు గ్రౌండ్‌లోకి దిగనివ్వలేదు. అదే క్లబ్ అండర్-19 పిల్లల్ని చేతిలో పెట్టింది. 2009కి సీనియర్ జట్టు కోచ్, అప్పటికి వయసు 32. 2016 దాకా అక్కడే ఉన్నాడు.

ఆ ఏడేళ్ళనీ ఎవరూ పట్టించుకోరు. ట్రోఫీ లేదు, పేపర్‌లో ఫొటో లేదు. తక్కువ డబ్బుతో కట్టిన జట్టుని అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో కింది డివిజన్‌కి పడకుండా నిలబెట్టడమే పని. అలాంటి జట్టుతో ఒక్క గోల్ ఆధిక్యాన్ని ఆఖరి ఇరవై నిమిషాలు ఎలా కాపాడాలో, బెంచ్ మీద ముగ్గురే పనికొచ్చేవాళ్ళు ఉంటే ఎవర్ని ఎప్పుడు దింపాలో నేర్చుకోక తప్పదు. పెద్ద క్లబ్‌లో మొదలుపెట్టినవాడికి ఈ చదువు దొరకదు.

తర్వాత మిజోరం క్లబ్ ఐజ్వాల్. 2015-16లో కింది డివిజన్‌కి పడిపోయి, గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో తిరిగి చోటు దొరికిన జట్టు. 2016-17లో 18 మ్యాచ్‌లకు 37 పాయింట్లతో ఛాంపియన్. మోహన్ బగాన్‌కి 36. ఐజ్వాల్‌లో బగాన్‌ని 1-0తో కొట్టిన గోల్ డిఫెండర్ జోమింగ్లియానా రాల్తేది. చివరి మ్యాచ్ షిల్లాంగ్‌లో లజోంగ్ మీద: తొమ్మిదో నిమిషంలోనే గోల్ ఇచ్చుకున్నారు, రెండో సగంలో లాల్నున్‌ఫెలా సమం చేశాడు, ఆ 1-1 డ్రాతోనే టైటిల్. ఇంకో సంగతి గమనించండి. అశుతోష్ మెహతా, జయేష్ రాణే ఇద్దరూ ముంబయి నుంచి ఆయన వెంట వెళ్ళినవాళ్ళే. తన పద్ధతి ముందే తెలిసినవాళ్ళు జట్టులో ఇద్దరున్నా మిగతావాళ్ళు తొందరగా అందుకుంటారు.

తిరుమలగిరి వింగర్
బావుంది గానీ సగమే చెప్పావన్నా. ఐజ్వాల్ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి 2017-18లో నాలుగో స్థానం. 2019 జనవరిలో సీజన్ మధ్యలో మోహన్ బగాన్ తీసుకుని ఐదో స్థానం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్టు నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో 2021లో తాత్కాలికంగా పగ్గాలు పట్టుకుని పది మ్యాచ్‌లు ఓటమి లేకుండా సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, అదీ నిజమే. మరి పూర్తి సీజన్ ఇచ్చిన 2021-22లో? పదకొండు జట్లలో పదో స్థానం. అప్పుడేమైంది ఆ చదువు?

ఎల్బీ గ్యాలరీ
అడగాల్సిన ప్రశ్నే. సీజన్ మధ్యలో వచ్చిన కోచ్‌కి పని ఇరుగ్గా ఉంటుంది, అందుకే తేలిక కూడా: గోల్స్ ఆపు, లైన్లు దగ్గరికి లాగు, సెట్‌పీస్‌లు (కార్నర్లు, ఫ్రీ కిక్‌లు) సరిచెయ్. రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. పూర్తి సీజన్ అంటే ఆటగాళ్ళ ఎంపిక, సీజన్ ముందు శిక్షణ భారం, గాయాలు, ప్రత్యర్థులు నీ పద్ధతి చదివేశాక రెండో ఎత్తు, అన్నీ కావాలి. వెనకపడ్డ మ్యాచ్‌లో తెరుచుకుని ఆడాల్సి వస్తే ఆ జట్టు దగ్గర రెండో దారి కనపడలేదు. జంషెడ్‌పూర్‌కి వచ్చేసరికి ఆ లోటు కొంత పూడింది. 2024-25లో 38 పాయింట్లతో ఐదో స్థానం, నాకౌట్‌లో నార్త్‌ఈస్ట్ మీద 2-0, సెమీస్ మొదటి లెగ్‌లో మోహన్ బగాన్ మీద 2-1. రెండో లెగ్‌లో ఇంజురీ టైమ్‌లో అపుయా కొట్టిన గోల్‌తో పోయింది గానీ, లేకుంటే మ్యాచ్ అదనపు సమయానికి వెళ్ళేది.

ఆ సీజన్ సూపర్ కప్ ఫైనల్ మన హైదరాబాదీలు మర్చిపోకూడదు. 2025 మే 3, భువనేశ్వర్. ఖాలిద్ జట్టుని 3-0తో కొట్టింది గోవా, దాని కోచ్ మన మనోలో మార్కెజ్. అందులో రెండు గోల్స్ బోర్హా హెరేరావి, వాడూ మన పాత హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాడే. అటువైపు సివెరియో, వాడూ మనోడే. ఆ మనోలో వదిలిన జాతీయ కుర్చీలోకే మూడు నెలలకి ఖాలిద్ వచ్చాడు.

లెఫ్ట్ హాఫ్
ఆయన డిఫెన్స్‌ని "బస్ పార్కింగ్" (అందరూ గోల్ ముందు అడ్డంగా నిలబడటం) అని కొట్టిపారేసేవాళ్ళ కోసం కొన్ని కొలతలు. నాలుగు-నాలుగు-రెండు బ్లాక్‌లో (వెనక నలుగురు, మధ్య నలుగురు, ముందు ఇద్దరు కలిసి కదిలే గుంపులో) వెనక నలుగురికీ మధ్య నలుగురికీ ఎడం 10-12 మీటర్లు దాటకూడదు. ముందు స్ట్రైకర్ నుంచి చివరి డిఫెండర్ దాకా మొత్తం 30 మీటర్ల లోపు. బంతి కుడి పక్కకి పోతే ఎడమ ఫుల్‌బ్యాక్ (పక్క డిఫెండర్) బంతికి దూరంగా ఉన్న రెండో పోస్ట్‌కి సూటిగా వచ్చి నిలబడాలి, తన వింగర్‌ని వదిలేసి. ఇక్కడే మన లీగ్ జట్లు తప్పుతాయి. ఫుల్‌బ్యాక్ తన మనిషిని వదలడు, సెంటర్‌బ్యాక్‌కీ (మధ్య డిఫెండర్) వాడికీ మధ్య పదిహేను మీటర్ల సందు పడుతుంది, బంతి అందులోంచే వస్తుంది. కోచ్ ఏమో సెంటర్‌బ్యాక్ మీద అరుస్తాడు.

రెండో తప్పు, బ్లాక్ ఎప్పుడు ముందుకు కదలాలో చెప్పకపోవడం. గుర్తులు మూడు చాలు: ప్రత్యర్థి వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు, బంతి గాల్లో ఉన్నప్పుడు, అందుకునేవాడి వీపు మన గోల్ వైపు ఉన్నప్పుడు. ఈ మూడింటిలో ఏదైనా జరిగితే లైన్ మొత్తం ఐదు మీటర్లు పైకి. లేకుంటే కదలొద్దు. ఈ మూడూ నేర్పకుండా "కాంపాక్ట్, కాంపాక్ట్" (దగ్గరదగ్గరగా ఉండండి) అని అరిస్తే జట్టు నెమ్మదిగా సొంత పెనాల్టీ ఏరియాలోకి జారిపోతుంది.

తిరుమలగిరి వింగర్
సరే, ఒప్పుకుంటున్నా. కానీ గోల్స్ ఎక్కడ్నుంచి వస్తాయి? పక్క గీత దగ్గర్నుంచి బంతిని చేతులతో దూరం విసిరే లాంగ్ త్రో తప్ప ఇంకోటి చూపించండి.

ఎల్బీ గ్యాలరీ
లాంగ్ త్రోని తక్కువ చేయకు. తజికిస్థాన్‌లోని హిసోర్‌లో కాఫా (మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం) నేషన్స్ కప్, తజికిస్థాన్ మీద మొదటి మ్యాచ్. మొదటి ఐదు నిమిషాల్లోనే ఉవైస్ త్రో, అన్వర్ అలీ తల. సందేశ్ ఝింగన్ ఇంకోటి, 2-1 గెలుపు. ఉవైస్ జంషెడ్‌పూర్‌లో ఆయన దగ్గర ఆడినవాడే. మొదటి శిక్షణ శిబిరానికి కొద్ది రోజులే దొరికిన కోచ్ ఏది తొందరగా నేర్పగలడో అదే ఎంచుకున్నాడు. ఇరాన్ చేతిలో 0-3, అఫ్గానిస్థాన్‌తో 0-0, ఒమాన్ మీద 1-1 తర్వాత పెనాల్టీల్లో గెలిచి మూడో స్థానం.

విజిల్
లాంగ్ త్రో గురించి రూల్ సరిగ్గా తెలిసినవాళ్ళు మన మైదానాల్లో తక్కువ, కాబట్టి ఒకసారి. రెండు చేతులతో, తల వెనక నుంచి తల మీదుగా వేయాలి. రెండు పాదాల్లోనూ కొంత భాగం లైన్ మీదో, లైన్ బయట నేల మీదో ఉండాలి. వెనక కాలి వేలు నేలని రాసుకుంటూ వస్తే తప్పు లేదు, గాల్లోకి లేస్తే తప్పు. ప్రత్యర్థి 2 మీటర్ల దూరంలో ఉండాలి. త్రో-ఇన్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. ఎవరినీ తాకకుండా నేరుగా ప్రత్యర్థి గోల్‌లోకి పోతే గోల్ కాదు, గోల్ కిక్. ఆ ఆఫ్‌సైడ్ లేకపోవడమే దీని బలం. కీపర్ ముందే మనిషిని నిలబెట్టొచ్చు. కాకపోతే వాడు బంతి కోసం కాకుండా కీపర్‌ని అడ్డుకోవడానికే కదిలితే ఫౌల్ పడుతుంది, ఆ మాట పిల్లలకి ముందే చెప్పండి.

మొరం గ్రౌండ్
ఏసుడెట్లనో నేను చెప్తా. బొటనవేళ్ళు రెండూ బంతి వెనక దాదాపు కలవాలె, అరచేతులు పక్కలకు. నాలుగైదు మీటర్ల ఉరుకు చాలు, అంతకు మించితే లైన్ దాటుతరు. ఆఖరి అడుగు పెద్దది, ముందు కాలు గట్టిగ పాతాలె, నడుము విల్లులెక్క వెనక్కి వంగాలె, అప్పుడు పొట్ట కండరం నుంచి బలం వస్తది. చేతులతోని ఏద్దామంటే పది మీటర్లు గూడ పోదు. బంతి తల ముందుకొచ్చినంక వదిలితే కింద పడ్తది, తల మీదున్నప్పుడే వదిలితే ఎత్తుకు లేస్తది. కావాల్సింది రెండిటి నడిమి, సాపుగ, వేగంగ పోయే బంతి. వానల్ల అయితే టచ్‌లైన్ దగ్గర రెండు దిక్కులా తువ్వాలలు పెట్టుర్రి.

మన దగ్గర చాన స్కూల్ గ్రౌండ్లల్ల టచ్‌లైన్ పక్కపొంటే గోడ ఉంటది, ఉరుకుడుకు జాగ ఉండది. అసొంటి కాడ మూడడుగుల్తోని ఏసుడు వేరేగ నేర్పాలె, లేకుంటే మ్యాచ్ నాడు తిప్పలైతది.

ఆల్వాల్ కీపర్
లోపల ఎవరు ఎక్కడ అనేది కూడా చూసుకోవాలి. నియర్ పోస్ట్ (త్రో వేసేవాడికి దగ్గరి గోల్ స్తంభం) దగ్గర ఎత్తైన ఒకడు, గోల్ ఏరియా మూల మీద. వాడి పని గోల్ కొట్టడం కాదు, తలతో వెనక్కి జరపడం. వాడి వెనక ముగ్గురు, ఒకే లైన్‌లో నిలబడకుండా ఒకడి తర్వాత ఒకడు పరిగెత్తాలి. పెనాల్టీ ఏరియా అంచున ఇద్దరు, తిరిగొచ్చిన బంతి కోసం. వెనక ఇద్దరు కచ్చితంగా. ఈ వెనక ఇద్దర్నీ మరిచిపోయిన జట్లు కీపర్ చేతికి బంతి దొరికిన ఆరేడు సెకన్లకి గోల్ తింటాయి.

ఎదుర్కొనేవాళ్ళకి: కీపర్ లైన్‌కి అతుక్కోకూడదు, ఒకటిన్నర మీటర్ ముందు, గోల్ మధ్యలో. నియర్ పోస్ట్ వైపు వాలితే వెనక్కి జరిపిన బంతికి చచ్చినట్టే. ఎత్తుగా తేలే త్రో అయితే బయటికొచ్చి పంచ్ చెయ్యాలి. సాపుగా వస్తే లైన్ మీదే ఉండి రెండో బంతికి సిద్ధంగా ఉండటం మేలు. సగం బయటికొచ్చి ఆగిపోవడమే అన్నిటికన్నా చెడ్డది.

ఓల్డ్ సిటీ హాఫ్
భయ్యా, హైదరాబాద్ గ్రూప్‌లో కూర్చుని రహీం సాబ్ పేరు ఎత్తకుండా ఇంత దూరం వచ్చారు, ఆశ్చర్యమే. "ఆడినోడికే కోచింగ్ వస్తుంది" అనే మాటకి మొదటి జవాబు ఆయనే. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాకి ఆడాడు, స్కూల్ మాస్టారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. దేశం తరఫున ఆడిన స్టార్ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆయన కోచింగ్‌లో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. జాతీయ జట్టుకి 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం.

ఆయన పెట్టిన టోర్నీలు చూడండి: బలహీనమైన కాలితోనే ఆడే టోర్నీ, డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడే టోర్నీ, ఎత్తు పరిమితి పెట్టి పొట్టి పిల్లలకి విడిగా టోర్నీ. ఉపన్యాసం ఇవ్వడు, రూల్ మారుస్తాడు. రూల్ మారితే పిల్లాడి కాలు దానంతటదే మారుతుంది. ఇవాళ లైసెన్స్ కోర్సుల్లో చెప్పేది ఇదే, కొత్త పేర్లతో.

1962 జకార్తాలో గ్రూప్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓడారు. ఫైనల్ మళ్ళీ వాళ్ళతోనే. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ డిఫెండర్, ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. 2-1. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ఉన్న ఆటగాళ్ళని చూసి పద్ధతి మార్చడం అంటే అదీ.

పెద్ద ఆటగాళ్ళు కోచ్‌లైనవాళ్ళూ మన దగ్గర తక్కువేం కాదు. నయీముద్దీన్ సాబ్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్, తర్వాత జాతీయ కోచ్. అర్జున, ద్రోణాచార్య రెండూ ఉన్న అరుదైన ఫుట్‌బాలర్. షబ్బీర్ అలీ సాబ్ 1974 ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న జట్టు కెప్టెన్, కోచ్‌గా 1998-99లో సాల్గావ్‌కర్‌కి నేషనల్ లీగ్ గెలిపించాడు. హబీబ్ సాబ్ టాటా అకాడమీలో కుర్రాళ్ళని తయారుచేశాడు. ఆ వరస ఎందుకు తెగిందో మాట్లాడండి.

మొరం గ్రౌండ్
తెగింది కాగితం కాడ సాబ్. అప్పుడు పేరుంటే సాలు, క్లబ్ పిలిచేది. ఇప్పుడు ఐఎస్‌ఎల్‌ల హెడ్ కోచ్ కావాల్నంటే ప్రో లైసెన్స్. కింది నుంచి ఎక్కాలె: ఇ, డి, సి, బి, ఎ, ఆఖరికి ప్రో. ఒక్కో మెట్టుకు నడుమ ఏదో ఒక టీమ్‌తోని పనిచేసినట్టు రుజువు చూపియ్యాలె. ముప్పై అయిదుకు ఆట బంద్ చేసి అప్పుడు డి లైసెన్స్ మొదలువెడితే ప్రో చేతికొచ్చేసరికి నలభై అయిదు దాటుతది. ఖాలిద్ సాబ్ ముప్పై రెండుకే టీమ్ చేతిల పట్టుకున్నడు, గదీ తేడా.

సర్కార్ నౌకరీ కావాల్నంటే దారి వేరు. ఆడ పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా అడుగుతరు. ఉత్త లైసెన్స్ ఉన్నోనికి ఆ నౌకరీ కష్టం, ఉత్త డిప్లొమా ఉన్నోన్ని క్లబ్ తీస్కునుడు కష్టం. ఏది కావాల్నో ముందుగాలనే తేల్చుకోవాలె.

జెర్సీ 22
ఒక సందేహం సార్. ఇరవై ఎనిమిదేళ్ళ డిఫెండర్, రాష్ట్ర లీగ్ ఆడుతున్నాడు, ఇంకో మూడేళ్ళు ఆడగలడు. డి లైసెన్స్ అయిపోయింది, ఇప్పుడు సి కి వెళ్ళాలి. ప్రాక్టికల్‌లో ఎక్కడ పోతారు?

లెఫ్ట్ హాఫ్
ఆడినవాళ్ళు పోయే చోట్లు ఆడనివాళ్ళు పోయే చోట్లు కావు తమ్ముడూ. ఆడినవాడు చేసి చూపిస్తాడు, చూడడు. బంతి కాలికి దొరగ్గానే తానే ఆడటం మొదలుపెడతాడు, అటువైపు ఎనిమిది మంది నిలబడి చూస్తుంటారు. ఇన్‌స్ట్రక్టర్ రాసుకునే మొదటి విషయం నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నదే. అందరూ కనిపించేలా గ్రిడ్ (గీతలు గీసిన చదరం) బయట, మూల మీద నిలబడు. మధ్యలోకి వెళ్తే సగం మంది నీ వీపు వెనక ఉంటారు.

రెండోది, ప్లాన్ కాగితం. "డిఫెండింగ్" అని రాస్తే సరిపోదు. "బంతి పక్కకి పోయినప్పుడు వెనక నలుగురు జరగడం" అని రాయి. కొలతలు రాయి, నిమిషాలు రాయి, ఎంతమందో రాయి. పదహారు మంది ఉన్నారనుకో, ఇద్దరు కీపర్లు:

మొదటి 12 నిమిషాలు రెండు గ్రిడ్లు, ఒక్కోటి 10 బై 10 మీటర్లు, ఐదుగురి మీద ఇద్దరు, కీపర్లు విడిగా. తర్వాత 20 నిమిషాలు, 45 మీటర్ల పొడవు 40 వెడల్పు, ఆరుగురు డిఫెండర్లు, ఆరుగురు అటాకర్లు, సర్వర్లు (బంతి అందించేవాళ్ళు) ఇద్దరు, ఒక కీపర్. నాలుగు నిమిషాలు ఆట, ఒక నిమిషం విరామం, అలా నాలుగుసార్లు. డిఫెండర్లు బంతి గెలిస్తే సగం లైన్ మీద పెట్టిన రెండు చిన్న గోల్స్‌లో కొట్టాలి, లేకపోతే వాళ్ళకి బంతి గెలవాలన్న కసి ఉండదు. చివర ఎనిమిది మీద ఎనిమిది, 60 బై 40, పన్నెండు నిమిషాల చొప్పున రెండు సగాలు. ఆ ఆటలో నీ టాపిక్ కనపడాలి. అక్కడ నువ్వు వేరే విషయం మాట్లాడితే మార్కులు పోయినట్టే.

ఆట ఆపడం కూడా ఒక పనే. తప్పు జరిగిన క్షణంలో ఆపు, పది సెకన్ల తర్వాత కాదు. "ఇప్పుడు నువ్వెక్కడుండాలి?" అని అడుగు, వాణ్నే జరగనివ్వు, అదే పాస్‌తో మళ్ళీ మొదలుపెట్టించు. మొత్తం ముప్పై సెకన్లలో అయిపోవాలి.

ఓల్డ్ సిటీ హాఫ్
ఇంకో మాట. ఇరవై ఎనిమిదికే మొదలుపెట్టడం మంచి పనే, కానీ ఆడుతున్న జట్టులోనే కోచింగ్ చేయకు. పొద్దున అండర్-13, సాయంత్రం నీ ప్రాక్టీస్. తోటి ఆటగాళ్ళకి నువ్వు కోచ్‌వి అయితే డ్రెస్సింగ్ రూమ్‌లో మాట ఆగిపోతుంది.

మొరం గ్రౌండ్
అండర్-13 అంటివి గాబట్టి, నాలుగో నంబర్ బంతి తీస్కో. ఐదో నంబర్ 410 నుంచి 450 గ్రాములుంటది, చిన్న పిల్లల మోకాలుకు బరువు. మొరం మీద గాలి జర తక్కువ కొట్టు, 0.7 బార్ సాలు, లేకుంటే బంతి చెప్పినట్టు వినది. ఎండకాలం పొద్దుగాల ఏడున్నర లోపటనే బంద్ చెయ్యి. టర్ఫ్ మీదైతే ఇంకా ముందుగాలనే, రబ్బర్ గింజలు ఎండకు కాగి అరికాళ్ళు మండుతయి.

తిరుమలగిరి వింగర్
ఖాలిద్ విషయానికి వస్తే, కాఫా తర్వాత సంగతి కూడా రాయాలి కదా. సింగపూర్ మీద వాళ్ళ గడ్డ మీద 1-1, అక్టోబర్ 14న గోవాలో వాళ్ళ చేతిలోనే 1-2, ఆసియా కప్ అర్హత అక్కడితో పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1.

ఎల్బీ గ్యాలరీ
రాయాల్సిందే. గోవా మ్యాచ్‌లో చాంగ్తే గోల్‌తో ముందున్నది మనమే, ఆ ఆధిక్యాన్ని నిలబెట్టుకోలేకపోయాం. ముంబయి ఎఫ్‌సీ రోజుల నుంచి ఆయనకి పేరు తెచ్చిన పనే ఆ రోజు చెయ్యి దాటింది. క్లబ్‌లో రోజూ చేయించే పనిని జాతీయ శిబిరంలో నాలుగు సెషన్లలో చేయించాలి, ఆయన పద్ధతికి కావాల్సిందేమో పునరావృతం. లాంగ్ త్రో నాలుగు సెషన్లలో వస్తుంది, లెఫ్ట్ హాఫ్ చెప్పిన ఆ 10-12 మీటర్ల ఎడం రాదు.

జెర్సీ 22
ఆఖరిది. అండర్-13కి లాంగ్ త్రో నేర్పొచ్చా?

ఆల్వాల్ కీపర్
వద్దు. ఆ వయసులో నడుము అంతలా వంచి రోజూ వేయిస్తే వెన్ను, భుజం దెబ్బతింటాయి. పైగా ఒక్కడే బలంగా వేస్తాడు, మిగతా పదిమందికి త్రో-ఇన్‌లో పనే ఉండదు. ఈ వయసుకి కావాల్సింది చిన్న త్రో: దగ్గరున్నవాడి పాదానికి వెయ్యి, వాడు ఒక్క టచ్‌తో నీకే తిరిగిస్తాడు, నువ్వు లైన్ లోపలికి వచ్చి ఉండాలి. వారానికి ఒకసారి పది నిమిషాలు, జతలు జతలుగా, ప్రతివాడూ వేయాలి. పదిహేను దాటాక భుజం బలం చూసి అప్పుడు మొరం గ్రౌండ్ చెప్పిన పద్ధతి మొదలుపెట్టు, అదీ సెషన్‌కి ఎనిమిది పది త్రోలకి మించకుండా.